గోడ అవతల నుంచి వచ్చిన కబురు

మా వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే నేను ముందుగా అడిగేది, రాత్రి ఏం తిన్నారని. దయ్యం పట్టిందన్న పిల్లకు మజ్జిగ తాగించి, పడుకోబెట్టి, తెల్లారేసరికి లేపి కూర్చోబెట్టిన దాన్ని. కథలు చెప్పమంటే మాత్రం చెబుతాను. దయ్యాల కథలూ చెబుతాను, పిల్లలు జడుసుకుని ఒళ్లోకి దూరితే నవ్వుకుంటాను. చెప్పడం వేరు, నమ్మడం వేరు. ఇప్పుడు రాస్తున్నది నాకు జరిగింది, అందుకే చెప్పడం కష్టంగా ఉంది.

నా పేరు సైదమ్మ. మాది హాలియా దగ్గర కాలువ కింది ఊరు. ఐదో తరగతి వరకే చదివాను. నా బిడ్డ శ్రావణి నల్గొండలో హాస్టల్లో ఉండి జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదువుతోంది. అదేం చదువో నాకు మొదట్లో అంతుపట్టలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒక కొత్త పని చెప్పేది. ఒకసారి గోడ పత్రిక రాశామనేది, ఒకసారి బస్టాండు దగ్గర వీధి నాటకం వేశామనేది, ఇంకోసారి కెమెరా ముందు కూర్చుని వార్తలు చదవడం నేర్చుకుంటున్నామనేది.

ఆ యాసంగి పంట రోజుల్లో వాళ్ల సార్ ఇంకో పని ఇచ్చాడు. సొంత ఊళ్లో ఏదో ఒక కబురు పట్టుకోవాలి. అది ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి పోయిందో అడుగుతూ వెనక్కి పోయి, మొదట చెప్పిన మనిషిని కనిపెట్టాలి. దాన్ని పెద్ద అట్ట మీద బొమ్మగా గీసి కాలేజీలో అందరి ముందూ నిలబడి చెప్పాలి. దానికి మార్కులు ఉంటాయి. ఆ పని మీదనే శ్రావణి ఇంటికి వచ్చింది, తగిన కబురు దొరకక విసుక్కుంటూ కూర్చుంది.

"గీ ఊర్ల కబుర్లే లేవే అమ్మా."

"లేకేం? నీ పెండ్లెప్పుడని అందరడుగుతున్నరు. గదే రాస్కో."

మూతి తిప్పుకుని, అట్ట కొనుక్కొస్తానని హాలియా పోయింది.

మా కాలువకు యాసంగిలో నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. కొన్ని రోజులు పారుతుంది, కొన్ని రోజులు ఎండి ఉంటుంది. ఎండి ఉన్నప్పుడు అదే మాకు బాట. గొర్లు అందులోంచే పోతాయి, ఆడవాళ్లు సిమెంటు గట్టు మీద మిరపకాయలు ఎండబోస్తారు, పిల్లలు జారుతూ ఆడుకుంటారు. వంతు ఎప్పుడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ భయం ఉండదు.

మా ఇంటికీ రహ్మత్‌బీ ఆపా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆపా మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. అటువైపు ఒక బండ ఎక్కి, గోడ మీద రెండు చేతులూ ఆనించి నాతో మాట్లాడడం ఆమెకు అలవాటు. శ్రావణి హాలియా పోవడానికి ముందు రోజు కడుపునొప్పి అని కోడలిని వెంటబెట్టుకుని నల్గొండ దవాఖానకు పోయింది. చూపించుకుని రాత్రి బస్సుకు వచ్చేస్తానంది. మనవరాలు నూరిని తాత ఖాసిం దగ్గర వదిలింది. నూరి అప్పుడప్పుడే అంగన్‌వాడీకి పోతున్న పిల్ల.

శ్రావణి హాలియా పోయిన తర్వాత నేను వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. గోడ అవతల అలికిడయింది.

"సైదమ్మా, కాల్వకు నీళ్లిడిసిండ్రు. నూరి అండ్లనే ఉన్నది."

తలెత్తి చూశాను. గోడ మీద రెండు చేతులు, వాటి వెనక కొంగు కప్పుకున్న తల. ఎండ కళ్లల్లో పడుతుండడంతో ముఖం సరిగా ఆనలేదు. గొంతు మాత్రం ఆపాదే. చేతులకు గాజులు లేవు. గాజులు లేని చేతులతో ఆపాను నేనెప్పుడూ చూడలేదు, అందుకే ఆ తొందరలో కూడా నా కంటికి ఆనింది. రాత్రి బస్సుకు వచ్చేసిందనే అనుకున్నాను.

నాకు మోకాళ్ల నొప్పులు, పరుగెత్తలేను. అయినా మా వాడకట్టులో పాము కనపడినా, గడ్డివాము అంటుకున్నా ముందుగా ఎవరూ పరుగెత్తరు. గుమ్మంలో నిలబడి పక్కింటికి కేక వేస్తారు. వాళ్లు ఆ పక్కింటికి వేస్తారు. కాళ్ల కంటే కేక ముందు పోతుంది. నేను లేచి పక్కింటి యాదమ్మను కేకేశాను.

"ఓ యాదమ్మా, కాల్వకు నీళ్లొస్తున్నయంట, నూరి అండ్లున్నదంట, కేకెయ్యి!"

"ఇయ్యాల వంతే లేదు గదనే. పగటి పూట కల గన్నవా?"

"ఆపా చెప్పింది. ముందుగాల కేకెయ్యవే!"

యాదమ్మ గొంతు పెద్దది. కేక ఇంటింటికీ దూకుతూ వాడ చివరికి పోయింది. కాలువను ఆనుకుని ఉన్న చివరి ఇల్లు మేకల సోమయ్యది. అతను కాలువలోకి దిగి చూస్తే, నూరి నత్తగుల్లలు ఏరుకుంటూ అడుగున కూర్చుని ఉందట. రెక్క పట్టి పైకి లాగాడు. అది తన చెప్పు కాలువలోనే ఉండిపోయిందని ఏడుస్తుంటే కొట్టబోయాడట. అంతలోనే చెత్తనూ, కంపనూ తోసుకుంటూ నీళ్లు వచ్చాయి. పైన పొలాలు ఎండుతున్నాయని రైతులు మొత్తుకుంటే, వంతు రాకముందే వదిలారని తర్వాత తెలిసింది.

నేను కుంటుకుంటూ ఆపా ఇంటికి పోయాను. ఖాసిం భాయి మంచం మీద కూర్చుని నూరిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. కునుకు పట్టిన సందులో పిల్ల జారుకుందని తల కొట్టుకుంటున్నాడు.

"ఆపా ఏది భాయీ? గింత జరిగితే బయటికి రాదా?" అన్నాను.

"ఆమె ఏడున్నది సైదమ్మా! రాత్రే బర్తీ చేస్కున్నరు. పొద్దుగాల ఆపరేషన్‌కు లోపటికి తీస్కపోయిండ్రు. కోడలు గిప్పుడే ఫోన్ చేసింది, ఇంకా బయటికి తేలేదంట."

నేను ఇల్లంతా చూశాను. ఇంట్లో వాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు.

శ్రావణి అట్ట చంకన పెట్టుకుని వచ్చేసరికి వాడంతా ఇదే మాట. దాని కళ్లు మెరిశాయి. మరుసటి రోజు పొద్దున్నే ఫోన్‌లో రికార్డు పెట్టుకుని సోమయ్య ఇంటి నుంచి మొదలుపెట్టింది. నీకెవరు చెప్పారు, నీకెవరు చెప్పారు అని ఒక్కొక్క గుమ్మం దాటుకుంటూ యాదమ్మ దగ్గరికి వచ్చింది. యాదమ్మ నా పేరు చెప్పింది. శ్రావణి నా ముందు కూర్చుని ఫోన్ పెట్టింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. గోడ, గొంతు, కొంగు, గాజులు లేని చేతులు, అన్నీ చెప్పాను.

శ్రావణి ఫోన్ ఆపేసింది.

"అమ్మా, గిది కథ చెప్పే జాగా గాదే. ఆపా పెద్దమ్మ దవాఖానల ఉంటే నీతోని ఎట్ల మాట్లాడ్తది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. యాదమ్మ అప్పటికే నవ్వుతూ ఒక మాట అనేసింది, పిల్ల కాలువ దిక్కు పోతుంటే నేనే చూసి ఊరుకుని, తర్వాత భయపడి ఆపా పేరు పెట్టానేమోనని. ఊరు అనుకుంటే అనుకోనీ. కన్నబిడ్డ కూడా నేను పుట్టించి చెప్పాననుకుంటే, ఇక ఈ నోటితో చెప్పే మాటకు విలువేముంది?

"నేను చెప్పేది గంతే బిడ్డా. నువ్వు ఎవర్నన్న అడుగుపో," అన్నాను.

అది నిజంగానే అడిగింది. ముందు పైన తూము దగ్గర ఉండే లష్కర్‌ను అడిగింది. మా దగ్గర కాలువ తూములు ఎత్తి దించే మనిషిని లష్కర్ అంటారు.

"ఫోన్ల చెప్పిండ్రు, తూము లేపిన. మీ ఊరోళ్లకు చెప్పనీకె నాకు సందేడిదమ్మా?" అన్నాడట. మా ఊరివాళ్లు ఎవరూ ఆ పూట అటు పోలేదట. మా వాడలో ఎవరికీ నీళ్ల గురించి ఫోన్ రాలేదు. నీళ్ల సంగతి తెలిసిన లష్కర్‌కు నూరి సంగతి తెలియదు. నూరిని కాలువలో ఎవరైనా చూసి ఉంటే, వాళ్లకు నీళ్ల సంగతి తెలిసే దారి లేదు. రెండూ కలిపి చెప్పగలిగిన మనిషి ఎవరూ దొరకలేదు.

ఆపాను ఇంటికి తీసుకొచ్చిన రోజు ఇద్దరం పోయాం. కడుపులో రాళ్లు తీశారట. శ్రావణి మెల్లగా సంగతి అడిగింది. ఆపా కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏమే సైదమ్మా, దవాఖానల నుంచి నీ గోడకాడికి రానీకె నాకు బస్సు కిరాయి ఎవరిచ్చిండ్రే? నవ్వియ్యకుండ్రి, కుట్లు ఊడ్తయ్."

"నీకేం యాదికి లేదా పెద్దమ్మా?"

"ఏముంటది బిడ్డా, సూదిచ్చిండ్రు, గంతే. లేచేసరికి నోరెండిపోయింది, నీళ్లడిగిన."

అప్పుడే కోడలు సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి విప్పింది. అందులో ఆపా ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు నర్సమ్మ తీయమంటే, కోడలే సబ్బు రాసి తీసిందట. ఆపా చేయి చాపింది, కోడలు ఒక్కొక్కటే ఎక్కిస్తోంది.

శ్రావణి నా ముఖం చూసింది. తర్వాత తన ఫోన్ చూసుకుంది. నేను చెప్పిన మాటలు ఆపా ఇంటికి రాకముందే అందులో ఉన్నాయి. గాజుల సంగతి ఆపాకు నేనే చెప్పాను. ఆపా నవ్వు ఆపేసి, నూరిని దగ్గరికి లాక్కుంది.

కాలేజీలో అట్టలు పెట్టిన రోజు పిల్లల ఇళ్లవాళ్లనూ రమ్మంటే నేను పోయాను. పిల్లలు ఒక్కొక్కరూ తమ తమ ఊళ్ల కబుర్లు చెప్పారు. రేషన్ కార్డుల కబురు, చిరుతపులి వచ్చిందన్న పుకారు, ఇలాంటివి. శ్రావణి వంతు వచ్చింది. సోమయ్య నుంచి వెనక్కి గీతలు గీసుకుంటూ యాదమ్మ, ఆ వెనక నేను, ఆ వెనక రహ్మత్‌బీ ఆపా. దాని పక్కనే, ఆ పూట ఆమె ఆపరేషన్ గదిలో ఉందని కూడా రాసింది.

పిల్లలు గొల్లుమని నవ్వారు. సార్ నవ్వలేదు. ఆయన మంచివాడే.

"మూలం రుజువు కాలేదు కదమ్మా. మీ అమ్మగారి దగ్గరే ఆపేస్తే సరిపోయేది. ఇప్పుడైనా పై పేరు కొట్టేయ్, పూర్తి మార్కులు వేస్తాను."

"రుజువు కాలే సార్. ఎంత తిరిగినా కాలే. కానీ మా అమ్మకు ఒకరు చెప్పిండ్రు. అమ్మ దగ్గర ఆపేస్తే, అమ్మ పుట్టించిందని రాసినట్టయితది. నేను గట్ల రాయ."

మార్కులు తగ్గాయి. పేరు కొట్టేయలేదు.

తిరుగు బస్సులో నాతో పాటు అదీ ఊరికి వచ్చింది. అట్టను సీటుకు ఆనించి నిలబెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నాకే మనసు ఆగలేదు.

"వేరే ఎవరి పేరన్న రాస్తే పోయేది గద బిడ్డా."

"ఎవరి పేరు రాయాల్నే? నువ్వే చెప్పు, రాస్త."

హాలియాలో దిగే వరకూ ఆలోచించాను. నాకు ఏ పేరూ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.