అత్త అసలు పేరు

మొన్న ధర్మవరం నుంచి పెళ్లికార్డు వచ్చింది. వధువు తల్లి పేరు ‘తిప్పక్క’ అని బంగారు అక్షరాల్లో చూసి అదిరిపడ్డాను.

తిప్పక్క మా మేనత్త. తిప్ప అంటే మా వైపు పేడకుప్ప. ఆ పేరు వింటే సంబంధం తప్పిపోతుందని, హిందూపురంలో పెళ్లిచూపుల నాడు అవ్వ ఆమెను శిరీషను చేసింది. ఆరేళ్ల నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఏం చదివినారు శిరీషా?" అని అడిగాడు పెళ్లికొడుకు. అలవాటు లేని పేరు, అత్త పలకలేదు. నేనే సాయం చేశాను.

"మా అత్త పేరు తిప్పక్క. అట్ల పిలిస్తేనే పలుకుతాది."

ఉప్మా ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది. నా వీపు పగిలిందే అనుకున్నాను. పెళ్లికొడుకు తల్లి మాత్రం అవ్వ చెయ్యి పట్టుకుంది.

"తిప్పక్కకు ముందు ఎంతమంది బిడ్డలు పోయినారు వదినా?"

"ముగ్గురు" అంటూ అవ్వ ఏడ్చేసింది.

అంతవరకు ఆ పేరు తిట్టనుకున్నాను. బిడ్డలు దక్కనివాళ్లు, పుట్టిన పాపను పేడకుప్పలో పొర్లించి, చావుకు కూడా రోత పుట్టే పేరు పెడతారని ఆ రోజే తెలిసింది.

పెళ్లికొడుకు గొంతు సవరించుకున్నాడు. "ఏం చదివినారు తిప్పక్కా?"

అత్త తలెత్తింది.

కార్డులో ఆ పేరు పక్కన ఆయన పేరే ఉంది.