కోడలు చెప్పిన కాయిల్

ఈ పొద్దు కల్వకుర్తికి పోతుంటే కోడలి కారు గుంజుకుంట, ఆగుకుంట నడిచింది.

"మామా, కాయిల్ పోయిందేమో" అన్నది.

"నలభై ఏండ్లు లారీ నడిపినోన్ని, నాకు చెప్తవా? పెట్రోల్ల కచ్ర ఉన్నది" అని నోరు మూయించిన. నా డీజిల్ లారీకి కాయిలే లేకుండె, నాకెట్ల ఎరుక?

మాకు ఎరుకైన మెకానిక్ చూసి కాయిలే పోయిందన్నడు. బ్యాటరీల పన్నెండు వోల్టులను వేల వోల్టులు చేసి, ప్లగ్గుల నిప్పురవ్వ పుట్టిచ్చేది అదేనంట.

"పన్నెండు వోల్టులు వేల వోల్టులు ఎట్లయితయిరా?" అన్న.

"తాతా, అడివి పందులు రాకుంట నీ పల్లిచేనుకు షాకు కొట్టే ఝట్కా తీగ కట్టినవా? దానికేం బ్యాటరీ?"

"పన్నెండుదే."

"దాని డబ్బల గూడ గిసొంటి కాయిలే ఉంటది. ఆ తీగను ఎప్పుడన్న ముట్టినవా?"

ముట్టిన. బొక్కబోర్ల పడ్డ. ఆ మాట చెప్పంగనే కోడలు కిసుక్కున నవ్వింది.

తప్పయిందని నోటితోని అనలే. వచ్చేటప్పుడు ఆమెకు ముంజలు కొనిచ్చిన. గంతకన్న నాతోని కాదు. మీరైతే తప్పు ఒప్పుకుంటరా, ముంజలు కొనిస్తరా?