నల్లపూసల కార్డు

మనవరాలు గ్రీటింగ్ కార్డు మీద పూసలు అతికిస్తోంది. ఆ బంక వాసనకు ముదిగుబ్బలోని మా ఇల్లు గుర్తొచ్చింది.

వానల్లేక నాయన కూలికి బెంగళూరు పోయి ఏడాది దాటింది. ఉగాదికి ఆయనకు పంపాలని అట్టముక్క మీద చిలకను గీసి, తుమ్మబంకతో చెమ్కీలు అతికిస్తున్నాను. ముందురోజే మేనమామ బెంగళూరు నుంచి వచ్చి, అమ్మ చెవిలో ఏదో చెప్పి వెళ్ళాడు.

అమ్మ తన మెడలోని నల్లపూసల దండ తెంపి నా ఒళ్ళో పోసింది.

"ఇవీ అతికించుమే. ఒగటి గూడా మిగలగూడదు."

"మరి నీకో?"

"నాకింక వీట్తో పనిల్యా. మీ నాయన చూస్తానే గుర్తుపడతాడు."

చిలక కంటికి ఒకటి పెట్టి, మిగతావన్నీ అంచు చుట్టూ అతికించాను. నాయన మీద ప్రేమతో అమ్మ తన దండే ఇచ్చేసిందని మురిసిపోయాను.

జవాబు రాలేదు. బంక సరిగా అంటక దారిలో పూసలు రాలిపోయాయని, అందుకే నాయనకు నచ్చలేదని ఎన్నాళ్ళో ఏడ్చాను.

అక్కడ ఆయనకు ఇంకో పెళ్ళాం ఉందని పెద్దయ్యాక తెలిసింది. నా ఏడుపంతా దండగ. బంక గట్టిదే. ఆ కార్డు పంపింది నేను కాదు, మా అమ్మ.