ఎలాగూ మేలుకునే ఉంటుంది కదా

మా అత్తగారికి పక్షవాతం వచ్చిన వారానికే నా మంచం ఆవిడ గదిలోకి చేరింది. ఎవరు చేర్చారో గుర్తులేదు. నన్నెవరూ అడగలేదన్నది మాత్రం గుర్తుంది.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి దగ్గర్లో ఉంటుంది మా ఇల్లు. మావారూ, మా మరిదీ కలిసి బెల్లం కొట్టు నడుపుతారు. పొద్దున్నే రైతులు దిమ్మలు దింపే వేళకి ఇద్దరూ అక్కడ ఉండాలి, కాబట్టి రాత్రి వాళ్ళు పడుకోవాలి. మా తోడికోడలు స్కూల్లో టీచరు, కాబట్టి ఆమె కూడా పడుకోవాలి. నాకు కొట్టు లేదు, స్కూలు లేదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషికి మర్నాడు పనేమీ ఉండదని అందరూ తీర్మానించేసుకున్నారు.

అత్తగారి మీద నాకు కోపం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆవిడకి కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. ఎడమచేతి గాజుని మంచం కోడుకి తాటించి నన్ను లేపేది. మంచినీళ్ళు, పక్కకి ఒత్తిగిల్లించడం, బెడ్‌పాన్. ఒక్కోసారి నేను బాగా అలిసిపోయానని తెలిసి పిలవకుండా ఓర్చుకునేది. తెల్లారి చూస్తే పక్కంతా తడిసి ఉండేది. "ఎందుకు లేపలేదు అత్తయ్యా?" అంటే మొహం గోడవైపు తిప్పేసుకునేది. ఆ మొహం చూడలేక నేను ఆవిడ పిలవకముందే లేవడం అలవాటు చేసుకున్నాను. గాజు మోగనక్కర్లేదు, ఆవిడ ఊపిరి కాస్త మారితే చాలు, నాకు మెలకువ వచ్చేసేది. అలా రెండేళ్ళు దాటిపోయాయి. నిద్రంటే ఒక చెవి తెరిచి ఉంచి పడుకోవడమే అయింది నాకు.

ఆవిడ పోయింది. పెద్దకార్యం అయ్యాక చుట్టాలంతా వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "పుణ్యం సేసుకున్నావమ్మా. ఇంక హాయిగా పడుకో."

పడుకున్నాను, మేడ మీద మా గదిలో. మావారు అటు తిరిగి, దుప్పటి మెడదాకా లాక్కుని, తలగడ మీద తల ఆనిందో లేదో గురక మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకుంటే ఒళ్ళంతా బిగిసిపోయేది, ఎవరో పిలుస్తారని కాచుకుని ఉన్నట్టు. స్టేషన్‌లో రైలు కూత, వీధిలో లారీ వెనక్కి తీస్తున్న చప్పుడు, అన్నీ వినపడేవి. అన్నిటికన్నా దగ్గరగా ఆ గురక. నేను కింద బెడ్‌పాన్ కడుగుతూ ఉన్న అన్ని రాత్రులూ ఈ గురక పైన ఇలాగే నిశ్చింతగా సాగిందన్నమాట. ఆ ఆలోచన వచ్చిందంటే ఇక నిద్ర మీద ఆశ వదులుకోవలసిందే.

నాకు నిద్ర పట్టడం లేదని తెలిసేసరికి సలహా చెప్పని మనిషి లేకపోయింది. పాలలో గసగసాలు నూరి వేసుకు తాగమని ఒకరు. అరికాళ్ళకి ఆముదం పట్టించమని ఒకరు. కశింకోట నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "దిష్టేనే అది. నూకాలమ్మకి మొక్కుకో" అంది. కూరగాయల బండి దగ్గర మా వీధి చివరావిడ నన్ను నిలబెట్టి, "రాత్రేళ ఆ ఫోన్ సూడకు తల్లీ, అదే దెయ్యం" అని గట్టిగా మందలించింది. నా చేతిలో ఉన్నది నంబర్లు నొక్కే పాత ఫోను. తోడికోడలు తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. అందులో ఒకమ్మాయి కళ్ళు మూసుకుని కూర్చుని, మనసులోని భారమంతా వదిలేయండి అంటోంది. ఎవరి మీద వదిలేయాలో మాత్రం చెప్పలేదు.

అన్నీ చేశాను. ఆముదానికి దుప్పట్లు జిడ్డోడాయి. ఆ దుప్పట్లు ఉతికిందీ నేనే.

చివరికి మావారు ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టరు నా మొహం చూడలేదు, మావారినే అడిగాడు, ఏమిటి ప్రాబ్లమ్ అని.

"నిద్దర పట్టట్లేదంటాది సార్."

అంటాదట! నేనేదో కబుర్లు చెబుతున్నట్టు.

"వయసండీ. ఈ ఏజ్‌లో లేడీస్‌కి మామూలే" అని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే తట్టింది, లోపల నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదని.

ఆ మాత్రలతో వచ్చింది నిద్ర కాదు, మత్తు. పొద్దున్న లేస్తే తల దిమ్ముగా ఉండేది. ఒకరోజు పప్పు కుక్కరు పొయ్యి మీద పెట్టి, గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాను. నీళ్ళన్నీ ఇగిరిపోయి, పప్పు మాడి, రబ్బరు కాలిన కంపు వీధిదాకా వెళ్ళింది. మావారు పరుగెత్తుకొచ్చి కొట్టు గుమాస్తా ఎదురుగానే అరిచారు. "ఏటే ఆ మత్తు, తాగినోళ్ళలాగ? కొంప కాల్చేత్తావా ఏటి?"

ఆ మాత్రలు ఆ రోజే చెత్తబుట్టలో పడ్డాయి. దిమ్ము తగ్గింది. నిద్ర రాలేదు. కోపం మాత్రం పగలూ రాత్రీ నాతోనే ఉండేది. అన్నం వారుస్తున్నా, బట్టలారేస్తున్నా పళ్ళు కొరుకుతూ ఉండేదాన్ని. సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి.

అలా ఉండగా విశాఖపట్నంలో ఉన్న మా ఆడపడుచు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ, తోడికోడలూ భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"చెల్లిని రేపు డిశ్చార్జి సేత్తారంట. ఇక్కడికే తెచ్చేద్దాం. కింద అమ్మ గది ఖాళీయే కదా" అన్నారు మావారు.

"రాత్రిళ్ళు లేవదియ్యడానికి పక్కన ఒక మనిషుండాలన్నారు" అన్నాడు మరిది. అని, నా వైపు చూసి నవ్వాడు. "మనకేటి బెంగ? వదిన ఎలాగూ మేలుకునే ఉంటాది కదా."

మావారూ నవ్వారు. "అదీ నిజమేలే. నిద్దర పట్టకపోడం ఇలాగైనా పనికొచ్చింది."

చారు గరిట నా చేతిలోంచి గిన్నెలోకి జారింది. జారిందో, నేనే విసిరానో. చారు చింది మావారి చొక్కా మీద పడింది.

"నేను సెయ్యను" అన్నాను.

"ఏటి?"

"రాత్రిళ్ళు నేనుండను."

"ఇప్పుడేటయిందని అంత కోపం? అదేమన్నా పరాయి మనిషా? నా చెల్లి."

"మీ చెల్లే. అయితే మీరే ఉండండి. మీ అమ్మ దగ్గర ఒక్క రాత్రైనా ఉన్నారా మీరు? నన్ను లేపలేక ఆవిడ తడిసిన పక్క మీద తెల్లార్లూ పడుండేది, మీకు తెల్సా? నిద్దర పట్టకపోడం నా జబ్బు. మీ ఇంటికి కాపలా కాదు. ఆ జబ్బు నాకెలా వచ్చిందో కూడా నేనే సెప్పాలా?"

ఆ ఇంట్లో నా గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. మావారు చొక్కా దులుపుకున్నారు. మరిది నెమ్మదిగా అన్నాడు, "పోనీ ఒక మనిషిని పెట్టేద్దాం అన్నయ్యా. ఆస్పత్రి దగ్గర అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు."

"పెట్టేద్దాం" అన్నారు మావారు, అన్నం కలుపుకుంటూ.

అంతే. మర్నాడు సాయంత్రం ఆడపడుచు కారు దిగేసరికి దేవరాపల్లి వైపు నుంచి వచ్చిన ఒకావిడ, బట్టల సంచితో గుమ్మంలో సిద్ధంగా ఉంది. ఆవిడని చూసి నాకు గుండె తేలికపడాలి. కానీ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడుపు కాదది, కోపం. ఇంత సులువా ఇది? ముద్ద నోట్లో పెట్టుకునేలోపు అయిపోయే పనా? ఆ రెండేళ్ళలో ఈ మాట ఎవరి నోటికీ ఎందుకు రాలేదు? నేను అరవలేదు కాబట్టి. నేను అరవకపోతే నా ఒళ్ళు ఎంతైనా వాడుకోవచ్చు కాబట్టి.

ఆ వారంలోనే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, షేర్ ఆటో ఎక్కి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదట నన్ను కూర్చోబెట్టి అడిగింది, "రాత్రిళ్ళు మేలుకుని ఎవరినైనా చూసుకున్నారామ్మా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. బయట పేషెంట్లు తలుపు తోసి తొంగిచూసేదాకా చెబుతూనే ఉన్నాను.

"మీరు లేవాల్సిన పని అయిపోయిందని మీ ఒంటికింకా తెలీలేదు. నెమ్మదిగా నేర్పుకోవాలి" అందావిడ. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కమంది. పట్టకపోతే దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోమంది. రాత్రి ఎలా గడిచినా పొద్దున్న ఒకే వేళకి లేవమంది. మధ్యాహ్నం కునుకు తీయొద్దంది. పడకగదిలో గడియారం ఉంచొద్దంది. "కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో ఇంకా కష్టంగా ఉంటుంది, నన్ను తిట్టుకుంటారు" అని కూడా చెప్పింది.

తిట్టుకున్నాను. నిద్ర లేక చచ్చేవాళ్ళని లేచి కూర్చోమనడమేమిటని రోజూ తిట్టుకున్నాను. అయినా చేశాను. పెరటివైపు సామాన్ల గది ఖాళీ చేసి, నా మంచం అందులో వేసుకున్నాను.

"విడిగా పడుకుంటే సూసినోళ్ళేటనుకుంటారు?" అన్నారు మావారు.

"పడుకుందనుకుంటారు" అన్నాను.

మొదటి వారాలు నరకం. పట్టపగలు నిలబడే తూలేదాన్ని. ముందుగదిలో కూర్చుని చింతపండు గింజలు తీసిన రాత్రులున్నాయి, గుమ్మం దాటి ఎటైనా పోదామనుకున్న రాత్రులూ ఉన్నాయి. తర్వాత ఎప్పుడో ఒక పొద్దున్న పాలవాడు తలుపు బాదుతుంటే మెలకువ వచ్చింది. అద్దంలో చూసుకుంటే చెంప మీద తలగడ ముడతలు అచ్చు పడి ఉన్నాయి. ఎన్నాళ్ళకో చూశాను వాటిని.

ఒకసారి ఆ పనావిడ చుట్టాలింట్లో పెళ్ళికి సెలవు పెట్టింది. ఆ రాత్రి చెల్లెలి గదిలో మావారు పడుకోవలసి వచ్చింది. మధ్యలో నన్ను పిలిచారట. నేను వినలేదు. విన్నా లేచేదాన్ని కాను. పొద్దున్న ఎర్రటి కళ్ళతో వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"బుర్ర పగిలిపోతంది. ఒక్క రాత్రికే ఇలాగుంటే..."

అని ఆగిపోయారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, మిగతా మాట వస్తుందేమోనని. గ్లాసు అందుకుని పేపరు తెరిచారు. ఆ మాట ఇవాళ్టికీ పూర్తి చేయలేదు. పూర్తి చేసి ఉంటే నేను మెత్తబడేదాన్నేమో. ఆ అవసరం ఆయనకి కనపడలేదు.

వాకర్ అక్కర్లేకుండా నడవడం వచ్చాక మా ఆడపడుచు వాళ్ళింటికి బయల్దేరింది. కారు వచ్చింది. ఆవిడ సంచిలో చీరలు సర్దుతున్నాను. మంచం మీద కూర్చుని, నా చేతుల వైపు చూస్తూ అంది, "వదినా, ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు ఆ పనావిడ్ని లేపాలంటే నాకెంత సిగ్గేసేదో. అమ్మకీ ఇలాగే ఉండేదేమో కదా. ఒక్క రాత్రైనా నేనొచ్చి అమ్మ దగ్గర పడుకోలేదు."

పోనీలే, నువ్వు ఊళ్ళో లేవు కదా అని అనొచ్చు. అలాంటి మాటలు నా నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చిన్నప్పటినుంచీ నేర్పించి పెట్టారు.

"అవును, పడుకోలేదు" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను సంచి జిప్ వేసి, కారు దాకా తెచ్చిచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. మర్నాడు పట్టలేదు. ఇప్పటికీ అంతే, పట్టే రాత్రులు ఎక్కువయ్యాయి, పట్టని రాత్రులూ ఉన్నాయి. కానీ మర్నాడు పొద్దున్న ఎవరైనా "ఏటి, మళ్ళీ మేలుకున్నావా?" అని అడిగితే, ఇప్పుడు కారణంతో సహా చెబుతున్నాను.