మైపాడు దారిలో అవ్వ బండి ఆపించిన చోట్లు

మా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి ఇన్నేళ్లుగా నన్ను ఒకటే అడుగుతోంది... నిజం చెప్పినందుకు కూడా మనిషి సిగ్గుపడాలా?

మొన్న ఈ గ్రూపులోనే ఎవరో అడిగారు. "సెలవులకి ఉదయగిరి నుంచి మైపాడు పోతున్నాం, దారిలో ఆగదగ్గ చోట్లు చెప్పండి" అని. రాద్దామని ఫోన్ తీసి ఆగిపోయాను. ఆ దారిలో నాకు బాగా తెలిసిన చోట్లన్నీ నేను వాంతి చేసుకున్న చోట్లే మరి!

ఏటా ఎండాకాలం సెలవుల్లో పెదనాయన ఒక వ్యాను బాడుగకి మాట్లాడేవాడు. ఇంటిల్లిపాదీ సముద్రం చూడ్డానికి. పులిహోర గిన్నెలు, నీళ్ల బిందె, చాపలు ఎక్కించాక అందరం వ్యాను చుట్టూ నిలబడేవాళ్లం. అవ్వ ప్రార్థన చేస్తేగానీ బండి కదలకూడదు. అవ్వంటే మా నాయన వాళ్లమ్మ. డ్రైవర్ని దేవుడికి అప్పగించేది, టైర్లని అప్పగించేది... చివర్లో గొంతు పెంచి, "ప్రభువా, ఈ బిడ్డ కడుపు నిమ్మళంగా ఉంచు తండ్రీ" అనేది.

ఆ బిడ్డ ఎవరో అందరికీ తెలుసు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించేది. పెదనాయన కొడుకు సుధీరన్న ఒక కన్ను తెరిచి కిసుక్కున నవ్వేవాడు. ఆమెన్ అయ్యీ కాకముందే, "ఏమ్మే వాంతులమ్మా, ఈసారి ఏ ఊరికాడ?"

దేవుడు అవ్వ అడిగినవన్నీ ఇచ్చేవాడు... నా కడుపు సంగతి తప్ప.

మొదట్లో నేనే "ఆపండి, ఆపండి" అని అరిచేదాన్ని. "దీన్ని ఇంటికాడ వదిలేసి రావాల్సింది" అని పెదనాయన విసుక్కునేవాడు. అది విన్న మరుసటి ఏడు నుంచి అవ్వ వచ్చి నా పక్కన కూర్చునేది. నా మొహం పాలిపోగానే డ్రైవర్ని కేకేసేది. "ఆపు నాయనా, నాకు కడుపులో తిప్పతా ఉండాది."

తనే ముందు దిగేది. తోడు రమ్మన్నట్టు నా చెయ్యి పట్టుకునేది. ముళ్లకంప చాటుకి పోయి, కొంగు తెరలాగా పట్టుకుని కూర్చునేది... ఆ కొంగు వెనక నేను.

ఆ వంకతో అందరూ దిగేవాళ్లు. తాటితోపు దగ్గరైతే ముంజలు... చుట్టు తిరిగి ఏఎస్ పేట మీదుగా వెళ్లినప్పుడు దర్గా అంగళ్ల దగ్గర వేడివేడి మిఠాయి... సంగం దగ్గర పెన్న నీళ్లలో కాళ్లు... సముద్రం కన్నా అలా ఆగిన చోట్లే మాకు పండగ.

ఒకసారి వ్యాను ఎక్కుతూ అవ్వ చెవిలో అన్నాను, "భలే యాక్షన్ చేసినావవ్వా."

అవ్వ నావైపు చూసి, "నోరు మూసుకోని ఎక్కు" అంది. అంతే.

అబద్ధం అంటే అవ్వకి ఎంత మంటో చెప్పాలి. "అబద్ధమాడిన నోటితో ప్రార్థన చేస్తే అది ఇంటి కప్పు దాటదు" అని మా చెవులు మెలిపెట్టి మరీ చెప్పేది. అలాంటి మనిషి నాకోసం అబద్ధమాడుతోందని నాకు లోలోపల గర్వం కూడా.

ఒక ఏడు ఆత్మకూరు చేరేలోపే చాలాసార్లు ఆగాం. బస్టాండు ఎదురుగా నిమ్మసోడా తాగుతుంటే పెదనాయన అవ్వ దగ్గరికొచ్చాడు.

"అమా, నీ వల్ల కాదు గానీ, ఈడ బస్సెక్కి ఇంటికి పో. ఇట్టా ఆపుకుంటా పోతే సముద్రం కాదు, చీకటి చూస్తాం."

"సరేలేరా" అని అవ్వ తన సంచి కోసం వెతుక్కుంటోంది. ఏడాదంతా పొయ్యి దగ్గరే ఉండే మనిషికి, అలల్లో చీర తడుపుకుని ఊరికే కూర్చునే రోజు అదొక్కటే.

నాకు ఏడుపొచ్చింది. మంచి పని చేస్తున్నాననే అనుకుని అందరి ముందూ అరిచేశాను. "తిప్పేది అవ్వకి కాదు పెదనాయనా, నాకు! అవ్వ నాకోసం అబద్ధం చెప్తా ఉండాది!"

సుధీరన్న పగలబడి నవ్వాడు. "అయితే అవ్వ ప్రార్థన ఇంక కప్పు దాటదు రోయ్!" అందరూ నవ్వారు. పెదనాయన కూడా. అవ్వని ఇంటికి పంపలేదు.

అవ్వ మాత్రం నవ్వలేదు. "ఏందిమే నువ్వు..." అని ఏదో అనబోయి ఆగిపోయింది. మైపాడు దాకా కిటికీ వైపు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మెడ మీద చెమటలు పట్టాయి. బండి ఆపమని మాత్రం అడగలేదు.

మరుసటి ఏడు వ్యాను చుట్టూ నిలబడి అందరం అవ్వ వైపు చూశాం. అవ్వ పెదనాయనతో, "నువ్వు చెయ్యిరా" అంది. బండి ముందు మళ్లీ ఎప్పుడూ ఆమె నోరు తెరిచి ప్రార్థన చెయ్యలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. అమ్మని అడిగితే, "ఆమెకి బండంటేనే పడేది కాదు. ఆటో ఎక్కమన్నా నడిచే చర్చికి పోయేది" అంటుంది. పెదనాయనేమో, "నాటకమేలేమ్మా, నువ్వంటే ఆమెకి ప్రాణం" అంటాడు. ఇద్దరూ అంత నమ్మకంగా చెప్తారు...

ఈ సెలవుల్లో మేమూ అదే దారిన పోయాం. రోడ్డు బాగా వెడల్పయింది. మా అమ్మాయి మాత్ర వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోయింది. ఎక్కడా ఆగలేదు. ఆపమనేవాళ్లు లేరు...

అడిగినవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. తాటితోపు కనిపిస్తే దిగండి, పెన్నలో కాళ్లు తడపండి. బండిలో పెద్దవాళ్లెవరైనా ఆపమంటే కారణం అడక్కుండా ఆపండి. మీ చిన్నప్పుడు మీ బండిని ఆపించింది ఎవరో కూడా చెప్పండి... వినాలనుంది.

అవ్వ నాకోసమే అలా అని ఉంటే, ఆమెని పదిమందిలో పట్టిచ్చాను. నిజంగానే తిప్పి ఉంటే, నిజం మాట్లాడిన మనిషిని అబద్ధాలకోరుని చేశాను. ఆ రోజు ఆత్మకూరులో అబద్ధం ఆమెదో, నాదో... నాకు ఇప్పటికీ తేలలేదు.