ఏం జరిగిందని అడగని ఆవిడ

బత్తాయిల వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఊపిరి పట్టేసినట్టవుతుంది. నిన్న సాయంత్రం నర్సీపట్నం బజారులో బండివాడు రుచికని ఒక కాయ కోసి చేతిలో పెట్టగానే అదే జరిగింది. కోటవురట్లలో ఉండే మా తోటి మాస్టారి భార్య వంటింట్లో గ్యాస్ అంటుకుని, కాలిన చేతులతో బయటపడింది. ఆవిణ్ణి పరామర్శించడానికే బయల్దేరాను. పళ్ళు తూయించుకుంటూ అరుణ గారిని తలుచుకున్నాను.

ఆవిడ కౌన్సెలర్. మందుల షాపు మీది చిన్న గదిలో కూర్చునేవారు. ఇప్పుడు ఆ గదిలో ఎవరో టైలరు ఉన్నాడు, ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయారు. మా అమ్మాయి శిరీష డిగ్రీ చదువుతున్నప్పుడు మాకవరపాలెం రోడ్డులో వాళ్ళెక్కిన ఆటో బోల్తా పడింది. పక్కన కూర్చున్న స్నేహితురాలు అక్కడే పోయింది. శిరీషకు మోచెయ్యి గీరుకుపోయిందంతే. ఇంకేమీ కాలేదనే మేం అనుకున్నాం. చుట్టాలు బత్తాయిలూ బ్రెడ్డూ పట్టుకుని వరసగా వచ్చారు. మన ఇళ్ళలో పరామర్శ అంటే వచ్చినవాళ్ళకు జరిగింది జరిగినట్టు చెప్పాలి. బడిలో పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్నట్టు నేను ఆమె చేత అదంతా చెప్పించేవాణ్ణి. లారీ ఎదురొచ్చిన సంగతి వదిలేశావని మధ్యలో అందించేవాణ్ణి కూడా.

ఒకరోజు ఎస్. రాయవరం నుంచి మా అక్క వచ్చింది.

"ఏటయిందే సిరీ, మొదటినుండి సెప్పు. ఆ పిల్ల పడగానే పోయిందా, నిన్నేటైనా పిలిసిందా?"

"చెప్పమ్మా, అత్త అంత ఎండలో వచ్చింది" అన్నాను నేను.

శిరీష నోరు తెరిచింది. మాట రాలేదు. కిటికీ ఊచ పట్టుకుని, ఊపిరి అందక, మెల్లగా నేల మీదకు జారిపోయింది. చేతులు ముట్టుకుంటే మంచులా ఉన్నాయి. ఆనాటి నుంచి ఇంట్లో మాట్లాడటం మానేసింది. తిండి సగమైంది. గేటు చప్పుడైతే లోపలి గదిలోకి పోయేది. కాలేజీ మాటెత్తితే వణికేది. ఈ పిల్ల మళ్ళీ మనిషవుతుందా, ఏమైనా చేసుకుంటుందా అన్న భయంతో నేను ఆమె గది తలుపుకు చెవి ఆనించి ఊపిరి వినపడుతోందా లేదా అని నిలబడేవాణ్ణి. అప్పుడు మా డాక్టరు గారు అరుణ గారి దగ్గరకు పంపారు.

లోపలికి వెళ్ళగానే ఆవిడ శిరీషను, తలుపు వెయ్యమంటావా, తీసి ఉంచమంటావా అని అడిగారు. బయట గోలగా ఉంది, వేసెయ్యండి మేడమ్ అన్నాను నేను. "తలుపు మీకోసం కాదు మాస్టారూ" అని నవ్వి, ఆవిడ ఎదురుచూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి శిరీష, "తీసే ఉంచండి" అంది. మా ఇంట్లో వినపడక ఎన్నాళ్ళో అయిన గొంతు అది.

నేను ఉత్సాహంగా ఆటో కథ మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపారు. "అది నాకు ఇవాళ అక్కర్లేదండి. చెప్పాలనిపిస్తే అమ్మాయే ఎప్పుడో చెప్తుంది. చెప్పకపోయినా మా పని ఆగదు." నన్ను మెట్ల దగ్గర, మాటలు వినపడని చోట కూర్చోమన్నారు. అక్కడి నుంచి నాకు శిరీష పాదాలు మాత్రం కనిపించేవి. చెప్పులు విప్పి, రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి కూర్చునేది. భయం తన్నుకొచ్చినప్పుడు తాను ఉన్నది ఈ గదిలోనని ఒంటికి తెలియడానికి అలా చేయిస్తానని ఆవిడ తర్వాత చెప్పారు.

నేను మాత్రం మారలేదు. బండి మీద ఇంటికి వస్తూ ఏమడిగారు, ఏం చెప్పావు అని తవ్వేవాణ్ణి. అలా తవ్విన రోజు ఆమె అన్నం ముట్టేది కాదు. చివరికి అరుణ గారే నన్ను ఒక్కణ్ణీ రమ్మన్నారు. కన్నతండ్రిని, నాకు తెలియకూడదా అని గొంతు పెంచాను. లోపల చెప్పిన మాట అమ్మాయిదనీ, అది తన నోటి నుంచి బయటకు పోదనీ ఆవిడ అన్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"మాస్టారూ, మీకు దేనికండీ ఇంత భయం?"

అప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పాను. ఆ పొద్దున శిరీష, నాన్నా బండి మీద దింపండి అంది. నేను పేపరు చదువుకుంటూ, రోజూ నీకిదే పనా, ఆటోలో పో అని విసుక్కున్నాను. చుట్టాల ముందు ఆమె చేత చెప్పించిన ప్రతిసారీ ఆ మాట ఎక్కడ బయటపడుతుందోనని వింటూ కూర్చున్నాను. ఆమె ఎవరితోనూ అనలేదు. అయినా మళ్ళీ మళ్ళీ చెప్పించాను.

ఆవిడ నన్ను తిట్టలేదు, సముదాయించనూ లేదు. "ఆ భయం మీది. దానికోసం మీరూ నా దగ్గరకు రావచ్చు. అమ్మాయి చేత మోయించకండి" అన్నారు.

"అమ్మాయితో చెప్పమంటారా?"

"చెప్పాలనుంటే చెప్పండి. జవాబు మాత్రం అడక్కండి."

తర్వాతి వారం ఆ మెట్ల మీదే శిరీషతో చెప్పాను. ఆ రోజు దింపనన్నది నేను, ఆ తర్వాత అందరి ముందూ నిన్ను నిలబెట్టిందీ నేనే అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. చెప్పులు వేసుకుని రెండు మెట్లు దిగి ఆగింది. క్షమించావా అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

"బండి బేగి తియ్యండి నాన్నా, ఎండెక్కిపోతంది" అంది.

ఆమె కుదుటపడటానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు ఉద్యోగానికి ఆటోలోనే వెళ్తుంది, అంచున కూర్చుంటుంది. ఆ పొద్దున గురించి ఈనాటికీ నాతో ఒక్క మాట అనలేదు. క్షమించిందో లేదో నాకు తెలియదు. తెలియకుండా బతకడం నేను నేర్చుకుంటూనే ఉన్నాను.

నిన్న కోటవురట్లలో పళ్ళ సంచి అందుకుని, ముందుగదిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మా తోటి మాస్టారు లోపలికి కేకేశారు. "ఇలా రావే, మాస్టారొచ్చారు. సిలిండరు ఎలా అంటుకుందో సెప్పు." ఆవిడ కట్లు కట్టిన చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెప్పడానికి ఊపిరి కూడదీసుకుంటోంది. ఆ ఊపిరి నాకు తెలుసు.

"వద్దమ్మా, చెప్పక్కర్లేదు" అన్నాను. "ఇక్కడ లోపలే కూర్చుందామా, వీధి అరుగు మీద కూర్చుందామా?"

మా మాస్టారు ఏదో అనబోతే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. ఆవిడ ఒకసారి వంటింటి వైపు చూసింది, ఒకసారి వీధి వైపు చూసింది. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.