ఆ గురువారం నా సంతకం

లైబ్రరీ రిజిస్టర్‌లో నా సంతకం ఉంది. గురువారం, మధ్యాహ్నం ఒకటీ నలభై. సరిగ్గా ఆ టైముకి నేను అక్కడికి ఆరు మైళ్ళ దూరంలో, హాస్పిటల్లో, పుట్టి రెండు గంటలు కూడా కాని నా కూతుర్ని ఎత్తుకుని నిలబడి ఉన్నాను.

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. విజయవాడలో పధ్నాలుగేళ్ళు దినపత్రిక డెస్కులో పనిచేశాను. తాలూకాల నుంచి విలేకర్లు పంపే దయ్యాల వార్తలు వారానికి రెండైనా వచ్చేవి. చూసిందెవరు, పేరేదీ, టైమెంత అని అడిగి పక్కన పడేసేవాణ్ణి. ఇప్పుడు నేను రాస్తున్నదానికి పేర్లున్నాయి, టైములున్నాయి. అయినా నేనే డెస్కులో ఉంటే దీన్ని వేసేవాణ్ణి కాదు.

డెబ్భైల చివర్లో అమెరికా వచ్చాం. నా భార్య కమలకి ఒహాయోలో, ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో, హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. నాకు ఉద్యోగం లేదు. పొద్దున్నే ఆమెని డ్రాప్ చేసి లైబ్రరీకి పోయేవాణ్ణి.

పత్రికలో ఉండగా ఆదివారం పిల్లల పేజీకి విక్టోరియా రాణి కాలం నాటి ఒక ఇంగ్లీషు రచయిత్రి కథలు తెలుగు చేసేవాణ్ణి. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇందులో రెండో మనిషి ఎవరో కొందరికి తెలిసిపోతుంది. ఆమె జీవితం మీద తెలుగులో ఒక పుస్తకం రాయాలనుకున్నాను. డెస్కు వదిలాక నాదని చెప్పుకోవడానికి మిగిలిన పని అదొక్కటే.

ఎక్కడ వెతకాలో నాకు తెలియదు. నేర్పింది ప్రభాకర్, అసలు పేరు అది కాదు. ఇంగ్లీషులో పిహెచ్‌డి చేస్తున్న కుర్రాడు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు, రాయలేడు. కార్డు కేటలాగు ఎలా చూడాలి, మైక్రోఫిల్ము ఎలా ఎక్కించాలి, మన దగ్గర లేని పుస్తకాన్ని వేరే ఊరి లైబ్రరీ నుంచి ఎలా తెప్పించుకోవాలి, పుట్టుక వివరాల కోసం ఆ రచయిత్రి సొంతూరి చర్చికి ఎలా ఉత్తరం రాయాలి, అన్నీ అతనే చెప్పాడు. ఆదివారాలు మా ఇంట్లో భోంచేసేవాడు. కమలని వదినా అనేవాడు.

ఆ రచయిత్రి పుస్తకాలు అచ్చేసిన సంస్థ పాత కాగితాలు మా లైబ్రరీ మూడో అంతస్తులో ఒక గదిలో ఉన్నాయి. ఆ గదికి పద్ధతులున్నాయి. కోటు బయట తగిలించాలి. పెన్ను పనికిరాదు, వాళ్ళిచ్చే పెన్సిలే. స్లిప్పు మీద నంబరు రాసిస్తే ఒక్కొక్క పెట్టె తెస్తారు. రిజిస్టర్‌లో సంతకం, టైము. నేను తెలుగులోనే సంతకం చేసి కింద రెండు గీతలు గీసేవాణ్ణి. డెస్కులో వార్త దిద్దడం పూర్తయిందనడానికి అలా గీసేవాణ్ణి, చేతికి అది అలవాటైపోయింది. గది చూసుకునే మార్గరెట్ అనే పెద్దావిడ ఆ సంతకం చూసి ముచ్చటపడేది.

రెండేళ్ళు వెతికాక, ఎవరూ తెరవని బైండింగ్ బిల్లుల పెట్టెలో ఒక ఉత్తరం దొరికింది. రచయిత్రి తన ప్రచురణకర్తకి రాసింది. కథలన్నీ తన ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆయా చెప్పినవట. ఆమె పేరు పుస్తకం మీద వేయొద్దని, ఆమెకి చదువు రాదు కాబట్టి ఎప్పటికీ తెలియదని రాసింది.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పధ్నాలుగేళ్ళు ఆ రచయిత్రి పేరు మీద నేనూ ఆ కథలు వేశాను.

అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ప్రభాకర్‌తో 'ఒకటి దొరికింది' అని మాత్రం అన్నాను. ఏమిటో చెప్పలేదు. ఏ పెట్టెలోనో కమలకి కూడా చెప్పలేదు.

మార్చిలో పాప పుట్టింది. పుస్తకం కొన్నాళ్ళు ఆగింది.

నవంబర్‌లో ఒక ఆదివారం ప్రభాకర్ ఐస్‌క్రీం డబ్బా పట్టుకుని వచ్చాడు. రెండో చేతిలో ఒక పరిశోధన పత్రిక.

"వచ్చేసింది అన్నయ్యా! మొదటి వ్యాసమే మనది."

తెరిచాను. వ్యాసం ప్రభాకర్ పేరు మీద ఉంది. ఆ ఉత్తరం మొత్తం, కామాలతో సహా, అక్కడుంది. కింద పెట్టె నంబరు ఉంది. చివర చిన్నక్షరాల్లో నాకు కృతజ్ఞతలు.

"దొంగతనం చేసి ఐస్‌క్రీం తెచ్చావురా?" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు. "అదేంటన్నయ్యా, మీరే కదా ఫోన్ చేసి రమ్మన్నారు. పెట్టె తెప్పించి, ఉత్తరం నా ముందు పెట్టి, 'నాకెందుకు, నువ్వు రాసుకో' అన్నారు. అచ్చయ్యేదాకా ఈ మాట ఎత్తొద్దన్నారు. అందుకే ఎత్తలేదు."

"ఎప్పుడు?"

"మార్చిలో, స్ప్రింగ్ బ్రేక్ సెలవుల ముందు గురువారం."

కమల వంటింట్లోంచి పాపని ఎత్తుకుని వచ్చింది. "ఆ గురువారమే కదయ్యా ఇది పుట్టింది. శనివారం నువ్వొచ్చి చూశావు కూడాను."

"పుట్టాక లైబ్రరీకి వచ్చారనుకున్నా వదినా. అన్నయ్యకి ఆ పుస్తకం పిచ్చి కదా."

బయటికి పొమ్మన్నాను. వెళ్ళాడు. ఐస్‌క్రీం బల్ల మీదే కరిగిపోయింది. మా ఇంటి అన్నం తిని, నా ముందు ఇంత బాగా నటించగలిగాడే అని ఆ రాత్రంతా రగిలిపోయాను.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళింది అతని అబద్ధం నిరూపించడానికే. మార్గరెట్ మార్చి నెల రిజిస్టర్ తీసింది. ప్రభాకర్ ఇంగ్లీషు సంతకం ఉంది. దాని పైన నాది. తెలుగులో. కింద రెండు గీతలు. పెట్టె కోసం ఇచ్చిన స్లిప్పు కూడా వెతికి తెచ్చింది. నంబర్లు నా చేతి రాతే. నా ఏడు అంకెకి నడుమ అడ్డగీత ఉంటుంది, అది కూడా ఉంది.

మార్గరెట్‌కి ఆ రోజు గుర్తుంది. "మీ ఆవిడ ఎలా ఉందని అడిగాను. మీరు జవాబు చెప్పలేదు. కోటు తీయమంటే తీయలేదు. కంగారులో ఉన్నారు కదా అని ఊరుకున్నాను" అంది.

హాస్పిటల్‌కి వెళ్ళి పాప కాగితాలు అడిగాను. పుట్టుక ఫారం మీద తండ్రి సంతకం నాది. పక్కన నర్సు రాసిన టైము ఒకటీ నలభై అయిదు. నేను ఆ మధ్యాహ్నం వార్డు దాటి బయటికి రాలేదు. కమల మాత్రం ఒంటిగంట నుంచి మూడింటిదాకా తను నిద్రపోయానంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడదు.

ఎవరైనా నా పేరుతో దొంగసంతకం పెట్టారా అని ఆలోచించాను. ఆ ఊళ్ళో తెలుగు రాయగలిగినవాళ్ళం కమలా నేనూ ఇద్దరమే.

నన్ను మోసం చేసింది ప్రభాకరే అయితే బాగుండేది. మనిషి మీద కోపం ఎప్పటికైనా తగ్గుతుంది. రెండేళ్ళు చెమటోడ్చి సంపాదించిన ఒకే ఒక్క సంగతిని నా గొంతుతో, నా చేత్తో ఎవరు ఇచ్చేశారో తెలియకపోతే ఎవరిని తిట్టుకోను?

అతనికి క్షమాపణ చెప్పలేదు. చెబితే ఆ రోజు అక్కడున్నది నేనేనని ఒప్పుకున్నట్టవుతుందని భయం. డిగ్రీ అయ్యాక అతను టెక్సాస్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒకసారి ఫోన్ చేశాడు. "అది మీరు కాకపోతే, ఆ వ్యాసంలో నేను ఎవరికి థాంక్స్ చెప్పానన్నయ్యా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. నా పుస్తకం రాయలేదు.

రిజిస్టర్‌లో ఆ పేజీ జిరాక్స్ కాపీ నా దగ్గరుంది. వచ్చిన టైముకి ఒక గడి, వెళ్ళిన టైముకి ఒక గడి. ప్రభాకర్ రెండున్నరకి వెళ్ళినట్టు రాశాడు. ఆ పేజీలో ఉన్న మిగతా అందరూ వెళ్ళిన టైము రాశారు. నా పేరు ఎదురుగా మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది.